లెక్కల్లో వెనకబడిన పిల్లలకు ఇంట్లో ఆల్జీబ్రా: ఏ పుస్తకం, ఏ క్రమంలో, ఎలా ఎంచుకోవాలి

"ఇంట్లోనే చదివిస్తున్నాం. పాపకు పద్నాలుగేళ్లు. లెక్కల్లో బాగా వెనక. ఆల్జీబ్రాకు ఏ పుస్తకం కొనమంటారు?" ఈ ప్రశ్న నన్ను చాలామంది అడుగుతున్నారు. పుస్తకం పేరు ఒక్కటి చెప్పేస్తే అడిగినవాళ్లకు హాయిగానే ఉంటుంది, పిల్లకు మాత్రం ఏమీ ఒరగదు. ఆల్జీబ్రా రాదనుకునే పిల్లల్లో చాలామందికి అసలు చిక్కు అంతకు ముందే ఉంటుంది. భిన్నాలు, మైనస్ గుర్తులు, చివరికి 'సమానం' గుర్తుకు అర్థం కూడా సరిగా పట్టుబడి ఉండదు. అది చూడకుండా ఎంత మంచి పుస్తకం కొన్నా మూడో పాఠం దగ్గర బండి ఆగిపోతుంది.

నేనూ అదే తప్పు చేశాను. మావాణ్ని ఎనిమిదో తరగతి మధ్యలో బడి మాన్పించాక, అమెరికా నుంచి వస్తున్న చుట్టాల సూట్‌కేసులో ఒక ఖరీదైన సెట్టు తెప్పించాను. నెలన్నరకల్లా అది అటకెక్కింది. తర్వాత ఆరో తరగతి భిన్నాల నుంచి మళ్లీ మొదలుపెట్టాం. కింద రాసిన క్రమం ఆ తిప్పల్లోంచి వచ్చిందే.

ఒక మాట ముందే చెబుతాను. ఇక్కడ ఎక్స్, వై అని పలికినట్టే రాశాను. నోటుబుక్కులో మీరు మామూలుగా రాసే అక్షరాలే రాయించండి.

## 1. ముందు పరీక్ష, తర్వాత పుస్తకం

పిల్ల చివరికి ఏ పరీక్ష రాయబోతోందో తేలితే పుస్తకాల జాబితా సగానికి సగం తగ్గిపోతుంది.

ఎన్ఐఓఎస్ (జాతీయ ఓపెన్ స్కూల్) పదో తరగతి. ఇంట్లో చదువుకునే మన పిల్లలు ఎక్కువగా ఎంచుకునే దారి ఇది. చేరడానికి కనీసం 14 ఏళ్లు ఉండాలి. గణితం కోడ్ 211. అందులో ఆరు మాడ్యూళ్లు: బీజగణితం, వాణిజ్య గణితం, జ్యామితి, క్షేత్రమితి, త్రికోణమితి, సాంఖ్యకశాస్త్రం. బీజగణితం మాడ్యూలులో సంఖ్యావ్యవస్థతో మొదలై ఘాతాంకాలు, బహుపదులు, కారణాంకాలు, రేఖీయ సమీకరణాలు, వర్గ సమీకరణాలు, అంకశ్రేఢి వరకు ఉంటాయి. తెలుగు మాధ్యమంలో కూడా రాయొచ్చు. పాసు మార్కు 33 శాతం. ఐదేళ్ల గడువులో తొమ్మిది అవకాశాలు ఇస్తారు. లెక్కలంటే టెన్షన్ పడే పిల్లకు ఈ చివరి సంగతి ముందుగా చెప్పండి, సగం భయం తగ్గుతుంది.

ఎన్ఐఓఎస్‌లో గణితం తప్పనిసరి కాదు. అందుకని వెంటనే వదిలేయకండి. పాలిటెక్నిక్ వైపు వెళ్లాలంటే పదిలో గణితం ఉండాలి. ఇంటర్లో ఎంపీసీ అనుకున్నా అంతే. పిల్ల దారి అది కాదని ఖాయంగా తెలిసినప్పుడే వేరే సబ్జెక్టు ఆలోచించండి.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఓపెన్ స్కూల్ సొసైటీలు. ఇవి కూడా పదో తరగతి నిర్వహిస్తాయి. వాటి సిలబస్ కాపీ తీసుకున్నాకే పుస్తకం చూడండి.

కేంబ్రిడ్జ్ ఐజీసీఎస్ఈ. ఇది పదో తరగతి స్థాయి అంతర్జాతీయ పరీక్ష. ఇందులో గణితానికి కోర్, ఎక్స్‌టెండెడ్ అని రెండు స్థాయిలు. కోర్ రాస్తే గరిష్ఠంగా సి గ్రేడే వస్తుంది. 2025 నుంచి కాలిక్యులేటర్ లేకుండా రాసే పేపరు కూడా ఉంది. ప్రైవేటు అభ్యర్థులను తీసుకునే పరీక్షా కేంద్రాన్ని ముందే వెతికి పెట్టుకోండి.

అమెరికాలో ఉన్నవాళ్లు. అక్కడ వరస ఆల్జీబ్రా 1, జామెట్రీ, ఆల్జీబ్రా 2. టెక్సాస్‌లో మీ కరికులంకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. న్యూయార్క్‌లో ఏటా ప్లాను, మూడు నెలలకోసారి రిపోర్టు ఇవ్వాలి. కాబట్టి పాఠాల లెక్క స్పష్టంగా ఉన్న పుస్తకం ఎంచుకుంటే పని తేలిక.

తేల్చుకోవాల్సినవి:

- ఏ పరీక్ష, ఏ సంవత్సరం, ఏ మాధ్యమం
- సిలబస్ ప్రింటు తీసి గోడకు అంటించడం
- పది తర్వాత గణితం అవసరమా, ఎంతవరకు

## 2. కొనకముందు ఒక పూట పరీక్ష

ఒక తెల్ల కాగితం, ఒక పెన్ను ఇవ్వండి. పెన్సిల్ వద్దు, చెరిపితే తప్పు ఎలా వచ్చిందో మనకు తెలియదు. కాలిక్యులేటర్ ఉండకూడదు, గడియారమూ పెట్టకూడదు. "ఇది నీకు మార్కులేసే పరీక్ష కాదు, నాకు పుస్తకం కొనడానికి కావాలి" అని చెప్పండి. మధ్యలో నేర్పకండి, మొహం చిట్లించకండి. రెండోదే కష్టం.

1. 7 × 8, 9 × 6, 56 ÷ 7
2. 18 − 2 × 3 + 4
3. −3 − 5, 4 − (−6), (−3) × (−5)
4. 2/3 + 1/4
5. 20లో 3/4 వంతు ఎంత?
6. 240లో 15 శాతం ఎంత?
7. 8 + 4 = □ + 5. ఖాళీలో ఎంత రావాలి?
8. ఎక్స్ + 7 = 12
9. 3ఎక్స్ − 5 = 16
10. 2ఎక్స్ + 3వై + 4ఎక్స్. దీన్ని చిన్నది చేయి.
11. 3(ఎక్స్ + 4), 10 − 2(ఎక్స్ − 3). బ్రాకెట్లు తీసెయ్యి.
12. తల్లి వయసు కొడుకు వయసుకు మూడు రెట్లు. ఇద్దరి వయసులు కలిపితే 48. ఎవరికెన్నేళ్లు?

జవాబులు వరసగా: 56, 54, 8. తర్వాత 16. తర్వాత −8, 10, 15. తర్వాత 11/12, 15, 36, 7, 5, 7. పదోది 6ఎక్స్ + 3వై. పదకొండోది 3ఎక్స్ + 12, 16 − 2ఎక్స్. చివరిది కొడుక్కి 12, తల్లికి 36.

## 3. తప్పును చదవడం

ఎన్ని తప్పులన్నది అంత ముఖ్యం కాదు, ఏ తప్పు అన్నదే చూడాలి. ఇక్కడ తొందరపడకండి. ఈ మార్గదర్శి మొత్తంలో మీరు నింపాదిగా చేయాల్సిన పని ఇదొక్కటే.

ఏడో ప్రశ్నకు 12 లేదా 17 రాస్తే. సమానం గుర్తు అంటే "ఇక్కడ జవాబు రాయి" అని పిల్ల అనుకుంటోంది. రెండు వైపులా బరువు ఒకటే అన్న భావం రాలేదు. ఈ ఒక్కటి సరికాకుండా ఏ సమీకరణమూ ఎక్కదు. నన్నడిగితే పన్నెండు ప్రశ్నల్లో ఇదే అన్నిటికంటే విలువైంది.

తొమ్మిదోదానికి 18 వస్తే. 3ఎక్స్ = 21 దాకా సరిగ్గా వచ్చి, ఆ 3ను అటు పంపి 21 − 3 చేసింది. "అటు పక్కకు వెళ్తే గుర్తు మారుతుంది" అని మన తరగతుల్లో నూరిపోసే పక్షాంతరం సూత్రం ఇచ్చిన వరం ఇది. కూడికలో ఉన్న సంఖ్య అటు వెళ్తే తీసివేత అవుతుంది, గుణకారంలో ఉన్నది వెళ్తే భాగహారం అవుతుంది. ఎందుకలా అన్నది చెప్పకుండా గుర్తు మార్చడం మాత్రమే నేర్పితే పిల్ల చేసేది ఇదే.

−3 − 5కు 8 వస్తే. "మైనస్ మైనస్ ప్లస్" అన్న మంత్రాన్ని కూడికకూ వాడేసింది. 4 − (−6)కు −2 వస్తే దీనికి తిరగబడ్డ తప్పు. రెండూ తప్పైతే రుణసంఖ్యలు మొదటి నుంచీ చెప్పాలి.

2/3 + 1/4కు 3/7 వస్తే. పైవి పైన, కిందివి కింద కలిపేసింది. భిన్నాన్ని ఒక సంఖ్యగా చూడటం లేదు, ఒకదాని మీద ఒకటి కూర్చున్న రెండు సంఖ్యలుగా చూస్తోంది. "2/3 ఒక్కటే 3/7 కంటే ఎక్కువ కదా, దానికి ఇంకొంత కలిపితే తగ్గుతుందా?" అని అడిగి చూడండి. ఆశ్చర్యపడితే మంచిదే. ఆశ్చర్యం కూడా లేకపోతే ఆరో తరగతి దగ్గరికి వెళ్లాలి.

రెండోదానికి 52 వస్తే. ఎడమ నుంచి కుడికి వరసగా చేసుకుంటూ పోయింది. ఇది చిన్న తప్పు, వారంలో సర్దుకుంటుంది.

పదోదానికి 9ఎక్స్‌వై వస్తే. సజాతి పదాలు, విజాతి పదాలు అన్న తేడా తెలియదు. "రెండు మామిడిపళ్లు, మూడు జామకాయలు" అని చెప్పడం మనకలవాటు. అది కొంతవరకే పనిచేస్తుంది, ఎందుకంటే ఎక్స్ పండు పేరు కాదు, ఒక సంఖ్య. "ఒక్కో పండు ధర ఎక్స్ రూపాయలు" అని చెప్పండి, తర్వాత ఇబ్బంది రాదు.

పదకొండులో 3ఎక్స్ + 4 వస్తే, లేదా 4 − 2ఎక్స్ వస్తే. మొదటిది విభాగ న్యాయం (బయటి సంఖ్యతో లోపలి ప్రతి పదాన్నీ గుణించడం) రాక, రెండోది బ్రాకెట్ ముందున్న మైనస్ లోపలి రెండో పదానికి చేరక వచ్చినవి.

అన్నీ వచ్చి పన్నెండోది రాకపోతే. లెక్క వచ్చు, వాక్యాన్ని సమీకరణంగా మార్చడం రాదు. ప్రశ్నను మీరు తెలుగులో చదివి వినిపించండి. అప్పుడు చేస్తే చిక్కు భాషలో ఉంది.

ఇప్పుడు నిర్ణయం:

- 1 నుంచి 7 వరకు మూడు, అంతకంటే ఎక్కువ తప్పులుంటే: ఆల్జీబ్రా పుస్తకం ఇప్పుడే వద్దు. ఆరు నుంచి ఎనిమిది వారాలు పునాది.
- అవి బాగుండి 8 నుంచి 11 వరకు తప్పులుంటే: ఏడో తరగతి స్థాయి ఆల్జీబ్రాతో మొదలు.
- పన్నెండోది ఒక్కటే తప్పైతే: వయసుకు తగ్గ ఏ మంచి పుస్తకమైనా సరే.

ఇంకో సంగతి. పద్నాలుగేళ్లకు కూడా 8 + 5కు వేళ్లు లెక్కపెట్టడం, రెండు సంఖ్యల్లో ఏది పెద్దదో తడుముకోవడం, కొట్లో చిల్లర లెక్క అర్థం కాకపోవడం, ఇవన్నీ కలిసి ఉంటే పుస్తకం సంగతి పక్కన పెట్టి క్లినికల్ సైకాలజిస్టుకు చూపించండి. డిస్కాల్కులియా, అంటే అంకెలు, లెక్కలు పట్టుబడని అభ్యసన వైకల్యం, కావచ్చు. దివ్యాంగుల హక్కుల చట్టం 2016 గుర్తించిన జాబితాలో నిర్దిష్ట అభ్యసన వైకల్యాలు కూడా ఉన్నాయి. సర్టిఫికెట్ ఉంటే పరీక్షలో అదనపు సమయం వంటి వెసులుబాట్లు అడగొచ్చు.

## 4. పునాది వారాలు

దీనికి డబ్బు ఖర్చు అక్కర్లేదు. ప్రభుత్వ ఆరు, ఏడు తరగతుల గణితం పుస్తకాలు చాలు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు ఉన్న ద్విభాషా ముద్రణలు వచ్చాయి. ఇంగ్లీషు మీడియంలో చదివి పదాల దగ్గర ఆగిపోయే పిల్లకు ఇంతకంటే చవకైన సాయం లేదు.

పద్నాలుగేళ్ల పిల్ల చేతిలో "ఆరవ తరగతి" అని అట్ట మీద ఉన్న పుస్తకం పెడితే అవమానంగా ఉంటుంది. నేను అట్ట చింపేసి, కావలసిన అధ్యాయాలు మాత్రమే స్పైరల్ బైండింగ్ చేయించాను.

భిన్నాలు. కాగితం పట్టీలు మడిచి చూపించండి. ఒకే పొడవున్న మూడు పట్టీలు తీసుకుని ఒకటి మూడుగా, ఒకటి నాలుగుగా, ఒకటి పన్నెండుగా మడవండి. 2/3 అంటే 8/12, 1/4 అంటే 3/12 అని కళ్లకు కనిపించాక క.సా.గు. చెప్పండి.

రుణసంఖ్యలు. మన ఇళ్లలో అప్పు తెలియనివాళ్లుండరు. −3 − 5 అంటే మూడు రూపాయల అప్పు మీద ఇంకో ఐదు రూపాయల అప్పు. 4 − (−6) అంటే చేతిలో నాలుగున్నవాడికి ఆరు రూపాయల అప్పు మాఫీ. మాఫీ అయితే వాడి పరిస్థితి మెరుగుపడిందా, దిగజారిందా? ఈ ప్రశ్నకు మావాడు నవ్వాడు. లెక్కల పుస్తకం ముందు వాడు నవ్వడం అదే మొదటిసారి.

సమానం. నాలుగు అగ్గిపెట్టెలు, గుప్పెడు చింతపిక్కలు తెచ్చుకోండి. రెండు పెట్టెల్లో సమానంగా పిక్కలు వేసి మూసి, పక్కన మూడు పిక్కలు పెట్టండి. బల్ల అవతలి వైపు పదకొండు పిక్కలు. "రెండు వైపులా పిక్కలు సమానం. ఒక్కో పెట్టెలో ఎన్ని?" పిల్ల తనంతట తానే రెండు వైపుల నుంచీ మూడేసి తీసి, మిగిలిన ఎనిమిదిని రెండు వాటాలు వేస్తుంది. అది అయ్యాక కాగితం మీద 2ఎక్స్ + 3 = 11 రాయండి. పక్షాంతరం అన్న మాట ఈ ఇంట్లో కొన్నాళ్లు వినిపించకూడదు. "రెండు వైపులా ఏం చేద్దాం?" అనే అడగండి.

ఎక్కాలు. రాకపోతే పట్టిక బల్ల మీద పెట్టేయండి. ఎక్కం గుర్తు రాక సమీకరణం ఆగిపోవడం వృథా. రోజూ వేరుగా ఐదు నిమిషాలు ఎక్కాలకు ఇవ్వండి.

పన్నెండు ప్రశ్నల్లాంటివే కొత్త అంకెలతో మళ్లీ పెట్టి, మొదటి ఏడూ వచ్చాక ముందుకు వెళ్లండి. ఎనిమిది వారాలు పన్నెండైనా ఫర్వాలేదు.

## 5. మీ ఇంటికి ఏ రకం పుస్తకం సరిపోతుంది

పేర్లు చూడకముందు నాలుగు ప్రశ్నలకు జవాబు రాసుకోండి.

ఎవరు చెబుతారు? మీకు ఆల్జీబ్రా గుర్తుందా? రోజూ ముప్పావుగంట పక్కన కూర్చోగలరా? లేదంటే వీడియో పాఠం, పూర్తి సాధనలతో జవాబుల పుస్తకం ఉన్నదే తీసుకోండి. చివర్లో ఉత్తి జవాబు మాత్రమే ఇచ్చే పుస్తకం మీకు పనికిరాదు, తప్పు ఎక్కడ జరిగిందో మీరూ చెప్పలేరు.

ఒక్క విషయం పట్టుకుని సాగేదా, కలగలుపుగా సాగేదా? కొన్ని పుస్తకాలు ఒక విషయం పూర్తిగా వచ్చేదాకా దాని మీదే ఉంటాయి. కొన్ని రోజూ కొంచెం కొత్తది చెప్పి, పాతవన్నీ కలిపి సాధన చేయిస్తాయి. నిన్నటిది ఇవాళ మరిచిపోయే పిల్లకు రెండోది మేలు. రకరకాల లెక్కలు ఒకే పేజీలో చూస్తే గాభరా పడే పిల్లకు మొదటిది మేలు, కాకపోతే పాతవి గుర్తుచేసే పని మీ మీద పడుతుంది.

పేజీ ఎలా ఉంది? ఒక పేజీలో నలభై లెక్కలు కిక్కిరిసి ఉంటే కొందరు చూడగానే పుస్తకం మూసేస్తారు. ఇది అలంకారం సంగతని కొట్టిపారేయకండి.

ఏ భాష? ఇంగ్లీషులో లెక్క చదివి అర్థం చేసుకోవడమే కష్టమైతే మొదటి మూడు నెలలు తెలుగులో వివరించి, పదాలు మాత్రం రెండు భాషల్లో చెప్పండి: చరరాశి అంటే వేరియబుల్, గుణకం అంటే కోఎఫిషియంట్, స్థిరరాశి అంటే కాన్‌స్టంట్.

## 6. దొరికేవాటిలో ఏది ఎవరికి

ఎన్‌సీఈఆర్‌టీ, రాష్ట్ర పుస్తకాలు. ఉచితంగా పీడీఎఫ్ దొరుకుతాయి. దీక్ష యాప్‌లో వీడియోలూ ఉంటాయి. ఎన్‌సీఈఆర్‌టీ ఆరో తరగతి కొత్త గణితం పుస్తకం 2024లో, ఏడు, ఎనిమిది తరగతులవి 2025లో వచ్చాయి. ఆలోచింపజేసే ప్రశ్నలు బాగుంటాయి, సాధన లెక్కలు మాత్రం వెనకబడిన పిల్లకు చాలవు. ప్రతి అభ్యాసానికీ మీరు ఇంకో పది కలపాలి. మన దేశంలో పరీక్ష రాసేవాళ్లకు వెన్నెముకగా నేను చెప్పేది ఇదే.

ఎన్ఐఓఎస్ సొంత పుస్తకం. తనంతట తాను చదువుకునేవాళ్ల కోసం రాసింది. మధ్యమధ్య 'చెక్ యువర్ ప్రోగ్రెస్' అని చిన్న పరీక్షలు, చివర జవాబులు ఉంటాయి. పరీక్షకు ముందు ఆరు నెలలు ఇదే ప్రధాన పుస్తకం కావాలి. భయపడే పిల్లకు మొదటి పుస్తకంగా మాత్రం వద్దు, వేగం ఎక్కువ.

ఖాన్ అకాడమీ. ఉచితం. వీడియో, సాధన, వెంటనే తప్పొప్పు. లోటు ఒక్కటే, పిల్ల స్క్రీన్ మీద నొక్కుతూ పోతుంది, కాగితం మీద మెట్లు రాయదు. పక్కన నోటుబుక్కు తప్పనిసరి అని మొదటి రోజే చెప్పండి.

మ్యాథ్-యు-సీ. ఇదీ, దీని తర్వాత చెప్పే సాక్సన్, టీచింగ్ టెక్స్ట్‌బుక్స్ కూడా ఇంట్లో చదివించేవాళ్లు వాడే అమెరికా కోర్సులు. ఇందులో వీడియో, ప్లాస్టిక్ దిమ్మెలు, ఒక్కో పాఠానికి ఒక్కటే విషయం. చేత్తో పట్టుకుంటే గానీ అర్థంకాని పిల్లలకు బాగుంటుంది. ఇండియాకు తెప్పిస్తే రవాణా, కస్టమ్స్ కలిపి బరువే. ఆ దిమ్మెల పనిలో కొంత చింతపిక్కలు చేస్తాయని పైన చూశారు.

సాక్సన్. కలగలుపు పద్ధతికి పెట్టింది పేరు. ఆల్జీబ్రా 1 హోమ్‌స్కూల్ ముద్రణలో 120 పాఠాలు, పాఠానికి దాదాపు ముప్పై లెక్కలు. మరిచిపోయే పిల్లలకు మంచి మందు, కాకపోతే చేదు. పొడిగా ఉంటుంది. ముప్పై లెక్కలకు గంట దాటుతుంటే సగం చేయించొచ్చు, కానీ ఏ సగమో మీరు ఎంచాలి: కొత్త విషయానివి అన్నీ, పాతవాటిలో ఒక్కో రకానికి ఒకటి.

టీచింగ్ టెక్స్ట్‌బుక్స్. కంప్యూటరే పాఠం చెప్పి, దిద్ది, మార్కులు వేస్తుంది. తల్లికీ పిల్లకీ లెక్కల దగ్గర రోజూ గొడవయ్యే ఇంట్లో ఇది శాంతి తెస్తుంది. స్థాయి కొంచెం తేలిక. పరీక్షకు వెళ్లేముందు గట్టి లెక్కలు వేరే చేయించాలి.

కీ టు ఆల్జీబ్రా. పది పల్చటి వర్కుబుక్కులు. పెద్ద పుస్తకం చూస్తే జడుసుకునే పిల్లకు ఒక్కోటి పూర్తి చేయడమే ఒక సంతోషం. ఒక్కటే చాలదు, తోడుగా ఇంకోటి ఉండాలి.

ఇప్పుడే వద్దనేవి: ఆర్ట్ ఆఫ్ ప్రాబ్లమ్ సాల్వింగ్, అది లెక్కలంటే ఇష్టపడి ఇంకా కష్టమైనవి అడిగే పిల్లలకు. ఆర్.డి. శర్మ లాంటి లావుపాటి పుస్తకాలు కూడా మొదట వద్దు. సాధనకు తర్వాత ఎంచుకున్న లెక్కల కోసం వాడుకోవచ్చు.

విదేశీ పుస్తకాల్లో ఇంకో చిన్న చిరాకు ఉంది. మైళ్లు, గ్యాలన్లు, డైములు. పదాల లెక్కల్లో పిల్ల ఆల్జీబ్రా కాకుండా డైము అంటే ఎన్ని సెంట్లో ఆలోచిస్తూ కూర్చుంటుంది. కిలోమీటర్లు, లీటర్లు, రూపాయలుగా మార్చి రాసివ్వండి.

## 7. కొనేముందు ఒక్క పాఠం

సాక్సన్, మ్యాథ్-యు-సీ, టీచింగ్ టెక్స్ట్‌బుక్స్ సైట్లలో ప్లేస్‌మెంట్ పరీక్షలు, అంటే పిల్ల ఏ స్థాయి నుంచి మొదలుపెట్టాలో చెప్పేవి, ఉచితం. కొనకపోయినా రాయించొచ్చు. ఫలితం వయసు కంటే రెండేళ్లు కింద చూపిస్తే నమ్మండి.

జాబితాను రెండుకు తగ్గించి, ఒక్కోదాని నుంచి ఒక నమూనా పాఠం వేర్వేరు రోజుల్లో చేయించండి. మీరు చూడాల్సినవి:

- ఉదాహరణ చదివాక మొదటి లెక్క మీ సాయం లేకుండా మొదలుపెట్టిందా?
- పదిలో ఏడైనా వచ్చాయా?
- తప్పు చేసినదాన్ని జవాబుల పుస్తకం చూసి తానే సరిదిద్దుకోగలిగిందా?
- అరగంట దాటాక కూడా కుర్చీలో ఉందా?
- మర్నాడు అదే రకం లెక్క ఇస్తే గుర్తుందా?

రెండూ సరిసమానంగా ఉంటే పిల్లనే ఎంచుకోమనండి. తాను ఎంచుకున్న పుస్తకాన్ని తిట్టుకోవడం కాస్త తగ్గుతుంది.

## 8. మొదటి నాలుగు వారాలు

రోజుకు ముప్పావుగంట, వారానికి ఐదు రోజులు. పొద్దున్నే, టిఫిన్ అయ్యాక. రాత్రి భోజనాల తర్వాత పెట్టిన ఆల్జీబ్రా ఏ ఇంట్లోనూ సాగినట్టు నేను చూడలేదు.

- పది నిమిషాలు: పాత లెక్కలు ఐదు
- పదిహేను నిమిషాలు: కొత్త విషయం
- పదిహేను నిమిషాలు: సాధన
- ఐదు నిమిషాలు: తప్పుల పుస్తకం

తప్పుల పుస్తకం అంటే వేరే నోటుబుక్కు. ఎడమ పేజీలో తప్పు చేసిన లెక్క ఉన్నదున్నట్టు, కుడి పేజీలో సరైనది, కింద ఒక్క వాక్యం: "మైనస్ లోపలికి పంపలేదు". శుక్రవారం కొత్త పాఠం వద్దు. ఆ వారం తప్పుల నుంచే ఆరు లెక్కలు ఇవ్వండి.

పదికి ఎనిమిది వస్తే తర్వాతి పాఠం. ఆరు, ఏడు వస్తే ఇంకో రోజు అదే. ఐదు, అంతకంటే తక్కువైతే పాఠం తప్పు కాదు, దాని కిందది ఏదో రాలేదు. వెనక్కి వెళ్లి చూడండి.

## 9. తరచూ జరిగే పొరపాట్లు

వయసు చూసి పుస్తకం కొనడం. పద్నాలుగేళ్లు కాబట్టి తొమ్మిదో తరగతిది అనుకోవడం. పరీక్ష చూపించిన స్థాయి కొనండి.

రెండు పుస్తకాలు, ఒక ట్యూషన్, ఒక యాప్. నాలుగు చోట్ల నాలుగు పద్ధతులు. మావాణ్ని ఒక ట్యూషన్ సెంటర్‌లో కూడా వేశాను. నేను రెండు వైపులా ఒకటే చేద్దామంటే అక్కడ పక్షాంతరం అనేవారు. మూడు వారాల్లో రెండూ పోయాయి. ఒకటి ప్రధానం, ఒకటి సాధనకు, అంతే.

సూత్రాలు బట్టీ. (ఏ + బీ)² అంటే ఏ² + బీ² అని రాసే పిల్లకు సూత్రం వందసార్లు రాయించి లాభం లేదు. 3, 4 పెట్టి చూడమనండి: ఒకవైపు 49, ఇంకోవైపు 25. ఆ తేడా 24 ఎక్కడుందో గళ్ల కాగితం మీద చతురస్రం గీస్తే 3 × 4 గళ్ల దీర్ఘచతురస్రాలు రెండు కనిపిస్తాయి.

పిల్ల చేతిలోంచి పెన్ను లాక్కోవడం. మీరు చేసి చూపిస్తే మీకే వస్తుంది. కావాలంటే వేరే కాగితం మీద వేరే అంకెలతో చేసి చూపించండి.

జవాబు సరిచూసుకోవడం నేర్పకపోవడం. ఎక్స్ = 7 వచ్చిందా? మొదటి సమీకరణంలో పెట్టి చూడు. ఆల్జీబ్రాలో తన తప్పు తానే పట్టుకునే వీలుంది. ఈ అలవాటు ఒక్కటి వస్తే "అమ్మా, ఇది కరెక్టేనా?" అన్న అరుపు సగం తగ్గుతుంది.

## 10. పుస్తకం మార్చాలా, వద్దా

నాలుగు వారాల లోపు మార్చకండి. మొదటి వారం ఏడుపు పుస్తకాన్ని చూసి కాకపోవచ్చు, లెక్కల మీద ఎప్పటినుంచో ఉన్న భయం కావచ్చు.

నాలుగు వారాల తర్వాత మార్చాల్సిన సూచనలు: ఉదాహరణలు మీరు వివరిస్తే తప్ప ఒక్కటీ అర్థం కావడం లేదు, తప్పుల పుస్తకంలో ఒకే వాక్యం మూడు వారాలుగా వస్తోంది, మీరిద్దరూ లెక్కల వేళకు మాట్లాడుకోవడం మానేశారు. మూడోదే అయితే ముందు చెప్పే మనిషిని మార్చి చూడండి. తండ్రో, పిన్నో, వీడియోనో. మా ఇంట్లో వర్గ సమీకరణాలు చెప్పింది మా ఆడపడుచు.

మార్చేటప్పుడు కొత్త పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి మొదలుపెట్టనక్కర్లేదు. అధ్యాయాల చివర ఉండే పరీక్షలు వరసగా రాయించి, ఎక్కడ పదికి ఎనిమిది కంటే తగ్గిందో అక్కడ ఆగండి.

కాలం లెక్క కూడా వేసుకోండి. పునాదికి రెండు నుంచి మూడు నెలలు, ఏడు, ఎనిమిది తరగతుల స్థాయి ఆల్జీబ్రాకు ఎనిమిది నుంచి పది నెలలు, ఎన్ఐఓఎస్ మాడ్యూలుకు ఆరు నెలలు. మొత్తం దాదాపు ఏడాదిన్నర. ఎన్ఐఓఎస్ పబ్లిక్ పరీక్షలు ఏడాదికి రెండు సార్లు, ఏప్రిల్-మే, అక్టోబరు-నవంబరు నెలల్లో జరుగుతాయి. ఇవాళ్టి నుంచి ఏడాదిన్నర లెక్కపెట్టి, ఆ తర్వాత వచ్చే పరీక్షను క్యాలెండర్లో గుర్తు పెట్టండి. మిగతా నాలుగు సబ్జెక్టులు ముందే రాసేసి గణితం ఒక్కదాన్నీ చివరికి ఉంచుకున్నా అభ్యంతరం లేదు. మావాడు అలాగే రాశాడు.